పక్షవాతం మనిషి ఒక పక్కకు ఒరిగిపోతుంటే: మందుల వల్లేనా అని తేల్చుకునే పద్ధతి

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక రెండు నెలలు బాగానే కూర్చున్నారు, ఫిజియోథెరపీలో నాలుగడుగులు కూడా వేశారు. ఆ తర్వాత మెల్లగా నడుము దగ్గర్నుంచి ఒక పక్కకు వాలడం మొదలైంది. కుర్చీలో సరిచేసి కూర్చోబెడితే పది నిమిషాల్లో మళ్ళీ అదే వాలు. ఇలాంటప్పుడు ఇంట్లో అందరూ అనేది ఒకటే మాట: "పెరాలసిస్ కదా, అలాగే ఉంటుంది." పక్షవాతం వల్ల వచ్చిన ఒరుగుడు మొదటి రోజు నుంచే ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. బాగుపడుతున్న మనిషి వెనక్కి వెళ్తున్నారంటే మధ్యలో ఏదో కొత్తది వచ్చి చేరిందన్నమాట. ఆ కొత్తది చాలాసార్లు మందుల సంచిలోనే దొరుకుతుంది.

మెదడులో డోపమిన్ అనే రసాయనం ఒంటి కదలికనూ, కండరాల బిగువునూ అదుపులో ఉంచుతుంది. కొన్ని మందులు దాని పనిని అడ్డుకుంటాయి. అప్పుడు కొందరు ముందుకు వంగిపోతారు, కొందరికి మెడ వాలుతుంది, కొందరు నడుము నుంచి ఒక పక్కకు ఒరుగుతారు. పక్కకు ఒరిగే రకాన్ని డాక్టర్లు పీసా సిండ్రోమ్ అంటారు. దీన్ని 1972లో స్వీడన్‌కు చెందిన ఎక్‌బోమ్, ఆయన సహచరులు మానసిక వ్యాధుల మందు వాడుతున్నవారిలో మొదట వర్ణించారు. వయసు మీదపడినవారికీ, మెదడు ముందే దెబ్బతిని ఉన్నవారికీ ఈ ముప్పు ఎక్కువ. స్ట్రోక్ వచ్చిన మనిషిలో ఈ రెండూ సాధారణంగా కలిసే ఉంటాయి.

ముందు ఆగకూడని సందర్భాలు

ఒరుగుడు నిమిషాల్లో, గంటల్లో హఠాత్తుగా వస్తే మందుల సంగతి పక్కన పెట్టండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఉన్న బలహీనత ఒక్కసారిగా పెరగడం వంటివి ఏవైనా తోడైతే అది మరో స్ట్రోక్ కావచ్చు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి 4.5 గంటల్లోపే ఇస్తారు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో ఆ సమయం కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

వాంతుల ఇంజెక్షన్ గానీ, కలవరపాటు తగ్గడానికి ఇంజెక్షన్ గానీ పడిన కొన్ని గంటల నుంచి అయిదు రోజుల లోపు మెడ ఒక పక్కకు తిరుక్కుపోయి, కళ్ళు పైకి గుడ్లు తేలేసి, నాలుక బయటికి వస్తే అది కూడా అత్యవసరమే. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ, సరైన విరుగుడు ఇంజెక్షన్ పడితే చాలామందికి అరగంటలోపు వదులుతుంది. కొత్త మానసిక మందు మొదలుపెట్టాక జ్వరం, ఒళ్ళంతా కర్రలా బిగుసుకోవడం, చెమటలు, స్పృహ మందగించడం కలిసి వస్తే ఇంట్లో ఒక్క గంట కూడా ఆగవద్దు.

ఏ రకం ఒరుగుడు?

వెనుక ఆనుకునే చెక్క లేని స్టూలు మీద, పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు భుజాల మీద చేతులు వేసి మెల్లగా మధ్యకు తెచ్చి చూడండి.

బాగున్న చేత్తో స్టూలు అంచునో మీ చేతినో నెట్టుతూ, బలహీనంగా ఉన్న పక్కకే ఇంకా గట్టిగా తోసుకుంటున్నారా? సరిచేయబోతే పడిపోతానని భయపడుతున్నారా? అది మందుల వల్ల కాదు. నిలువు ఏదో మెదడు తప్పుగా గ్రహించడం వల్ల వచ్చే 'నెట్టే' లక్షణం. స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లోనే మొదలై, ఎక్కువమందిలో ఆరు నెలల్లోపు బాగా తగ్గిపోతుంది. ద్వారబంధం, కిటికీ ఊచ లాంటి నిలువు గీతను చూపిస్తూ దానికి సరిపోయేలా కూర్చోమని సాధన చేయించడమే దీనికి దారి.

నెట్టకుండా మెత్తగా మధ్యకు వచ్చి, చెయ్యి తీయగానే మళ్ళీ వాలిపోతూ, అది కూడా బాగున్న పక్కకు వాలుతుంటే మందు మీద అనుమానం పెరగాలి. మందుల వల్ల వచ్చేది ఏ పక్కకైనా కావచ్చు. తాను వంగి ఉన్న సంగతి మనిషికి తెలియకపోవడం రెండు రకాల్లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. తేల్చేవి రెండు.

ఒకటి, పడుకోబెట్టి చూడడం. చదునైన మంచం మీద పది నిమిషాలు వెల్లకిలా పడుకుంటే మందు వల్ల వచ్చిన వంపు చాలావరకు పోతుంది. రొమ్ము ఎముక నుంచి బొడ్డు దాకా గీత తిన్నగా వస్తుంది. పడుకున్నా వంపు అలాగే ఉంటే వెన్నెముక గూని, తుంటి బిగుసుకుపోవడం లాంటి కారణాలు వెతకాలి.

రెండోది నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష: బాగున్న పక్కను చూడండి. స్ట్రోక్ సాధారణంగా ఒక పక్కనే కొడుతుంది, మందు రెండు పక్కలనూ కొడుతుంది. బాగున్న చేతి బొటనవేలితో చూపుడువేలిని పది సెకన్ల పాటు గబగబా కొట్టమనండి. మొదట పెద్దగా మొదలై రానురాను చిన్నవైపోతున్నాయా? ఆ మణికట్టును మీరు తిప్పుతుంటే బిగువుగా, ఆగి ఆగి కదులుతోందా? ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి వణుకుతోందా? ముఖంలో కదలిక తగ్గి, రెప్పలు అరుదుగా కొట్టడం, సొల్లు కారడం, సంతకం చిన్నదైపోవడం కనిపిస్తున్నాయా? ఇవి గత కొద్ది నెలల్లో కొత్తగా వచ్చినవైతే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి వాక్యం ఇదే.

ఇవేవీ లేకుండా మధ్యాహ్నం మాత్రమే కూలబడిపోతుంటే వేరేగా ఆలోచించండి. కండరాల బిగువు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్, టిజానిడిన్ మోతాదు ఎక్కువైతే నడుము నిలబడదు, నిద్రమత్తుగా ఉంటుంది. క్లొనాజెపామ్, ప్రిగాబలిన్, ఫెనిటోయిన్ కూడా తూలేలా చేస్తాయి. నిలబడగానే వాలిపోతుంటే బీపీ చూడాలి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచాక 1 నిమిషానికీ 3 నిమిషాలకూ మళ్ళీ కొలవండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకుమించి గానీ పడిపోతే అది బీపీ మందులనో ప్రోస్టేట్ బిళ్ళనో సవరించాల్సిన సమస్య. నిలబడలేనివారికి కూర్చోబెట్టి కొలవండి. మనిషి మగతగా, అయోమయంగా ఉంటే రక్తంలో సోడియం పరీక్ష కూడా అడగండి. డిప్రెషన్ బిళ్ళలు, నీరు పోయే బిళ్ళలు సోడియంను తగ్గించగలవు.

వంపును అంకెలో పెట్టడం

"కొంచెం ఒరుగుతున్నారండీ" అంటే డాక్టరు దగ్గర అది గాలికి పోతుంది. పైగా క్లినిక్ కుర్చీలో చేతుల ఆసరాతో అయిదు నిమిషాలు తిన్నగా కూర్చుంటారు. అందుకే ఇంట్లో కొలవాలి. కావాల్సినవి రెండు బొట్టుబిళ్ళలు, ఒక దారం, తాళంచెవి, స్కేలు, ఫోను.

చొక్కా తీసి, మెడ ముందుకు వంచితే మెడ మొదట్లో పొడుచుకొచ్చే ఎముక మీద ఒక బొట్టుబిళ్ళ అంటించండి. నడుముకు రెండు పక్కలా చేతికి తగిలే ఎముకల పై అంచులను కలుపుతూ గీత గీస్తే అది వెన్నెముకను తాకేచోట రెండోది. స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, దేనికీ ఆనకుండా అయిదు నిమిషాలు కూర్చోనివ్వండి. వెంటనే కొలిస్తే వంపు తక్కువ చూపిస్తుంది, అలసట వచ్చాకే అసలుది బయటపడుతుంది. ఒకరు తాళంచెవి కట్టిన దారాన్ని తల వెనుక పైనుంచి వేలాడదీసి, అది కింది బొట్టు మీదుగా పోయేలా పట్టుకోవాలి. పై బొట్టు నుంచి దారానికి అడ్డంగా ఎంత దూరం ఉందో కొలవండి.

రెండు బొట్ల మధ్య 40 సెంటీమీటర్లుంటే అడ్డదూరం 7 సెంటీమీటర్లు, 45 ఉంటే 8, 50 ఉంటే 9 దాదాపు 10 డిగ్రీల వంపుతో సమానం. పీసా సిండ్రోమ్ అనడానికి డాక్టర్లు సాధారణంగా తీసుకునే గీత ఆ 10 డిగ్రీలే. దారం కూడా కనిపించేలా వెనుక నుంచి ఫొటో తీయండి. ఫోనును మనిషి నడుము ఎత్తులో, తిన్నగా పట్టుకోవాలి. ఫోనే వంగితే లెక్క తప్పుతుంది. వారానికోసారి, అదే స్టూలు, అదే వేళ. మందు వేసుకున్న గంటకు ఒకసారీ వేసుకోకముందు ఒకసారీ కొలిచి పోల్చకండి, ఈ వంపు అలా గంటల్లో మారేది కాదు.

మందుల సంచి విప్పడం

చీటీ ఒక్కటే చాలదు. ఇంట్లో ఉన్న అన్ని స్ట్రిప్పులూ మంచం మీద పరవండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, వేరే స్పెషలిస్టు రాసినవి, పాత చీటీ మీద ఇంకా కొంటున్నవి అన్నీ. ఒక నోటు పుస్తకంలో ఒక్కో మందుకు ఒక వరుస: లోపల ఉన్న మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, మోతాదు మార్చిన తేదీ. బ్రాండ్ పేరు రాసి ఊరుకోవద్దు. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న కూర్పే అసలు సమాచారం. అదే పేజీలో ఒరుగుడు మొదటిసారి కనిపించిన తేదీ పెద్దగా రాయండి. తేదీ గుర్తు లేకపోతే ఫోనులో పండగ ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు వెతికితే ఎప్పటిదాకా తిన్నగా కూర్చున్నారో దొరుకుతుంది. ఆ తేదీకి ముందు మూడు నెలల్లో వచ్చి చేరినవి మొదటి అనుమానితులు. కొందరిలో ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు కాబట్టి పాతవాటిని పూర్తిగా వదిలేయకండి.

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా కళ్ళు కప్పేది గ్యాస్ బిళ్ళ. పరగడుపున వేసుకునే ఆ క్యాప్సూల్‌ను ఎవరూ మందుగా లెక్కపెట్టరు. కానీ పాంటోప్రజోల్, రబెప్రజోల్‌తో పాటు అందులో 75 మిల్లీగ్రాముల లెవోసల్పిరైడ్ కలిసి ఉండే రకాలు విరివిగా దొరుకుతాయి. లెవోసల్పిరైడ్ డోపమిన్‌ను అడ్డుకునే మందు, మానసిక వ్యాధుల మందుల కుటుంబానికి చెందినదే. చాలా బ్రాండ్లలో పేరు చివర 'ఎల్' అనే అక్షరం ఉంటుంది, అయినా అక్షరాన్ని నమ్మకుండా కూర్పు చదవండి. అదే షాపులో 'అదే రకం' అని చెప్పి మామూలు పాంటోప్రజోల్ బదులు ఇది ఇచ్చేస్తుంటారు కూడా. డోంపెరిడోన్ కలిసినవి మెదడులోకి తక్కువగా వెళ్తాయి కాబట్టి ఈ విషయంలో ముప్పు తక్కువ, గుండె జబ్బు ఉంటే మాత్రం దాని గురించి వేరుగా అడగాలి.

రెండో అనుమానితుడు కళ్ళు తిరగకుండా వేసుకునే బిళ్ళ. స్ట్రోక్ తర్వాత తూలుతోందని చెప్పగానే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ రాస్తారు. షాపులో స్టెమెటిల్, స్టుజెరాన్ పేర్లతో అడిగేవి మొదటి రెండూ ఇవే. మూడు నాలుగు రోజులకు రాసింది మూడు నాలుగు నెలలు సాగుతుంది. ఎందుకంటే మానమని ఎవరూ చెప్పరు. ఫ్లూనరిజిన్ ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆపాక కూడా దాని ప్రభావం చాలాకాలం ఉంటుంది. కళ్ళు తిరగడానికే ఇచ్చే బీటాహిస్టిన్ మాత్రం ఈ జాబితాలోది కాదు.

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌దీ అదే తీరు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2013లో దీన్ని అయిదు రోజులకు మించి వాడవద్దని చెప్పింది. అమెరికాలో 2009 నుంచి మూడు నెలలు దాటి వాడకూడదని పెట్టె మీద హెచ్చరిక ఉంది. కిడ్నీలు మందగించినవారిలో మోతాదు తగ్గించకపోతే ఇది ఒంట్లో పేరుకుంటుంది.

ఇక రాత్రిళ్ళు కేకలు, భ్రమలు, నిద్రలేమికి ఇచ్చే హలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలంజపిన్. క్వెటియపిన్‌తో ఈ ఇబ్బంది తక్కువగా ఉంటుంది గానీ అసలు రాదని కాదు. ఆందోళనకు ఇచ్చే కొన్ని జంట బిళ్ళల్లో ఫ్లూపెంటిక్సాల్ గానీ ట్రైఫ్లూపెరజిన్ గానీ దాగి ఉంటాయి. మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ డోపమిన్‌ను అడ్డుకోకపోయినా పీసా వంపు తెప్పించిన సందర్భాలున్నాయి. ఫిట్స్‌కు వాడే సోడియం వాల్‌ప్రోయేట్ వణుకు, మందగమనం తేవచ్చు.

ఆపకూడనివి

అనుమానం రాగానే సంచి మొత్తం మూలన పడేసే ఇళ్ళున్నాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందులు, కొలెస్ట్రాల్ బిళ్ళ, బీపీ, షుగరు మందులు ఆపితే మరో స్ట్రోక్‌కు దారి తీయవచ్చు. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయి. బాక్లోఫెన్ ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్‌తో పాటు భ్రమలు, తీవ్రమైన బిగువు రావచ్చు. మానసిక వ్యాధుల మందునూ డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. గ్యాస్ బిళ్ళ, కళ్ళు తిరిగే బిళ్ళ విషయంలో కూడా రాసిన డాక్టరుకో న్యూరాలజిస్టుకో ఒక ఫోను చేసి మార్చడం మంచిది. సాధారణంగా ఆ ఒక్క ఫోనుతో పని అయిపోతుంది.

డాక్టరు దగ్గర ఏమడగాలి

నోటు పుస్తకం, ఫొటోలు, స్ట్రిప్పులు తీసుకెళ్ళి సూటిగా చెప్పండి: "సార్, ఫలానా తేదీ దాకా తిన్నగా కూర్చునేవారు. ఈ క్యాప్సూల్ మొదలుపెట్టిన ఆరు వారాలకు ఎడమ పక్కకు ఒరగడం మొదలైంది, ఇప్పుడు 9 సెంటీమీటర్లు ఉంది. బాగున్న కుడి చెయ్యి కూడా మందగించింది. ఇందులో లెవోసల్పిరైడ్ ఉంది కదా, ఉట్టి పాంటోప్రజోల్ సరిపోతుందా?" డాక్టరును తప్పుపట్టినట్టు కాకుండా తేదీలు ముందు పెడితే మాట తొందరగా తెగుతుంది. క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారైతే గ్యాస్ బిళ్ళ మార్చేటప్పుడు ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ వద్దని గుర్తు చేయండి, అవి క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. రెండు మూడు అనుమానితులుంటే అన్నీ ఒకేసారి మార్చాలా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది కూడా అడగండి. ఒక్కొక్కటిగా మారిస్తే కారణం తెలుస్తుంది గానీ ఆలస్యమవుతుంది. వంపు ఎక్కువగా ఉండి మింగడం కష్టమవుతుంటే ఆలస్యం భరించలేం.

ఇక్కడ ఒక జాగ్రత్త. కారణమైన మందును అలాగే ఉంచి, వంపు కోసం పైన ట్రైహెక్సిఫెనిడిల్, అంటే పాసిటేన్ లాంటిది చేర్చడం జరుగుతుంటుంది. పెద్దవయసులో దాంతో మతి తప్పడం, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం వస్తాయి. ఆ మతి తప్పడానికి మళ్ళీ నిద్రబిళ్ళో మానసిక మందో వస్తుంది. కొత్త మందు రాస్తున్నప్పుడు "పాతది ఏదైనా తీసేయవచ్చా సార్?" అన్న ప్రశ్న తప్పకుండా వేయండి.

ఈలోగా కూర్చోబెట్టే తీరు

చేతులున్న గట్టి కుర్చీ కావాలి. సోఫా, ప్లాస్టిక్ వైర్ల కుర్చీ, నవారు మంచం అంచు పనికిరావు, కూర్చున్నచోట గుంటపడి నడుము ఒక పక్కకు దిగుతుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద పీట వేయండి. తుంటిని కుర్చీ వెనుక దాకా జరపండి. ఒరిగే పక్కన పక్కటెముకలకూ కుర్చీ చేతికీ మధ్య తువ్వాలు చుట్ట పెట్టండి. అది చంకలోకి వెళ్ళకూడదు, అక్కడ నరాలు నొక్కుకుపోతాయి. చుట్ట ఎంత లావుంటే వంపు ఆగుతుందో అంతే, మనిషిని అవతలి పక్కకు తోసేంత వద్దు. బలహీనమైన చేతి కింద దిండు పెట్టి ఆసరా ఇవ్వండి, ఆ చెయ్యి పట్టి లాగి సరిచేయవద్దు, భుజం కీలు జారుతుంది.

చీరతోనో తువ్వాలుతోనో కుర్చీకి కట్టేయడం మాత్రం వద్దు. కిందికి జారితే ఆ కట్టు మెడకు పడుతుంది. నడుం బెల్టు కూడా ఈ వంపును తగ్గించదు, ఊపిరి తీసుకోవడం కష్టమై చర్మం ఒరుసుకుపోతుంది. ముప్పై నలభై నిమిషాలకోసారి భంగిమ మార్చండి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు ఒరిగే పక్క పిరుదు, తుంటి ఎముక మీద చర్మం చూడండి. అరగంట ఒత్తిడి తీసినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే.

తినిపించడం ఇంకా ముఖ్యం. ఒరిగి ఉండగా పెట్టిన ముద్ద గొంతులో దారి తప్పుతుంది. పైగా ఇవే మందులు మింగే వేగాన్నీ తగ్గిస్తాయి. వంపు సరిచేసి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న ముద్దలు పెట్టండి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. నీళ్ళు తాగగానే దగ్గు, తిన్నాక గొంతు తడితడిగా గరగరమనడం ఉంటే మింగే పరీక్ష చేయించాలి.

మందు మార్చాక

మర్నాటికి తిన్నగా అయిపోతారని ఆశపడకండి. కొన్ని వారాల్లో తేడా కనిపించడం మొదలవుతుంది, పూర్తిగా తేరుకోవడానికి ఆరు నెలలు కూడా పట్టవచ్చు. బొట్టుబిళ్ళల కొలత అందుకే కొనసాగించాలి. కంటికి తెలియని ఒక సెంటీమీటరు తగ్గుదల స్కేలుకు తెలుస్తుంది. ఈలోపు ఫిజియోథెరపిస్టుకు మందు మార్చిన సంగతి చెప్పండి. నడుము వ్యాయామాలు ఆపకపోతే కండరాలు వంపులోనే బిగుసుకుపోకుండా ఉంటాయి.

మందు ఆపాక కొత్తగా నమలడం లాంటి దవడ కదలికలు, నాలుక మెలితిప్పడం మొదలైతే, లేదా వంపు ఆరు నెలలకూ పోకపోతే న్యూరాలజిస్టుకు మళ్ళీ చూపించాలి. మందు బయటపెట్టింది లోపల నిశ్శబ్దంగా ఉన్న పార్కిన్సన్స్ జబ్బునే కావచ్చు. దాన్ని తేల్చడానికి అవసరమైతే ట్రోడాట్ అనే స్కాన్ రాస్తారు.

తేరుకున్నవారికి పాత మందు మళ్ళీ పడకుండా చూడడం మిగిలిన పని. ఫైలు మొదటి పేజీ మీద, రోగి ఫోను కవరులో, మందుల డబ్బా మూత మీద ఒక చీటీ అంటించండి: "లెవోసల్పిరైడ్ వల్ల ఒళ్ళు ఒరిగిపోయింది. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, హలోపెరిడాల్ ఇచ్చే ముందు న్యూరాలజిస్టును అడగండి." మీ విషయంలో తేలిన మందు ఏదో ఆ పేరే మొదట రాయండి. రాత్రివేళ వాంతులతో క్యాజువాలిటీకి వెళ్తే ముందుగా చేతికొచ్చే ఇంజెక్షన్ల జాబితాలో మెటోక్లోప్రమైడ్ ఉంటుంది కాబట్టి, ఆ చీటీని డ్యూటీ డాక్టరుకు సూది వేయకముందే చూపించండి.